ఏడో నంబరు

"నీకు ఒక్క పాఠమైనా వచ్చా?" అని అడిగాడు డాన్ ఒలెగారియో.

"ఏడోది వచ్చు. గరిష్ఠాలు, కనిష్ఠాలు," అన్నాడు లౌతారో. "మిగతా పదకొండూ బుర్రకెక్కలేదు."

ఇంజనీరింగ్ కాలేజీలో గణిత విభాగానికి ఒలెగారియో అటెండరు. పేరుకి అటెండరే గాని, పరీక్షల రోజుల్లో మొదటి సంవత్సరం కుర్రాళ్లకు దేవుడి తర్వాత ఆయనే. పేరు ముందు ‘డాన్’ అని గౌరవంగా చేర్చి పిలిచేవారు. లౌతారో ఆయన బల్ల మీద మాంసం కూరిన ఎంపనాదాల పొట్లం పెట్టాడు. వాళ్లమ్మ పొద్దున్నే లేచి చేసింది.

లెక్కల మౌఖిక పరీక్ష వాడు ఇప్పటికి మూడుసార్లు తప్పాడు. ఇదే ఆఖరి అవకాశం. ఇదీ పోతే కాలేజీ వదిలేసి మామయ్య మాంసం కొట్లో చేరాలి. ఆ మామయ్య ముందుచూపున్న మనిషి. ఏప్రన్ మీద వాడి పేరు కుట్టించి అప్పుడే మేకుకు తగిలించాడు.

తప్పంతా తనదేనని లౌతారో నమ్మకం. ప్రొఫెసర్ బస్తియానీ అంతటివాడు చెప్పినా ఎక్కలేదంటే ఇంకెవరిని అనాలి? ఆయన బోర్డు మీద ఒక సూత్రం రాసి, "ఇది తేలికే, ఇంటి దగ్గర చూసుకోండి" అనేవారు. ఎవరైనా చెయ్యెత్తితే కళ్లజోడు మీదుగా ఒక్క చూపు చూసేవారు. ఎత్తిన చెయ్యి మెల్లగా తల గోక్కుని కిందికి దిగేది. అంత జ్ఞానం తమ స్థాయికి దిగిరావడం కష్టం కాబోలని పిల్లలు సరిపెట్టుకున్నారు.

"సంచిలో పన్నెండు ఇత్తడి గోళీలుంటాయి. ఏ నంబరు తీస్తే ఆ పాఠం చెప్పాలి, నీకు తెలిసిందేగా," అన్నాడు ఒలెగారియో గొంతు తగ్గించి. "తొందరపడకుండా తడుము. చల్లగా తగిలిందే ఏడు. ఫ్రిజ్‌లోంచి వచ్చినదై ఉంటుంది."

"ఎవరికైనా తెలిస్తే మీ ఉద్యోగం పోదా?"

"నా ఉద్యోగం గోల నీకెందుకురా? నువ్వు చెయ్యి వణక్కుండా చూసుకో."

ముందు ఫియొరెల్లా వంతు వచ్చింది. క్లాసులో అందరికంటే తెలివైన పిల్ల. ఒలెగారియో ఆమె చెవిన కూడా వెయ్యబోతే, "పన్నెండూ వచ్చినదానికి నాకెందుకండీ ఈ దొంగదారులు?" అని లోపలికి వెళ్లిపోయింది.

లౌతారో తలుపు సందులోంచి చూస్తున్నాడు. ఆమెకు మూడో నంబరు వచ్చింది. బోర్డు నిండా చకచకా రాసింది. చెరిపి మళ్లీ నింపింది. బస్తియానీ గారు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. మిగతా ఇద్దరు పరీక్షకులూ గొట్టంతో మాతే టీ పీల్చడం ఆపి ఆయన ముఖంలోకి చూశారు.

"చాలమ్మా," అన్నారు బస్తియానీ గారు. "లోతు లేదు. మార్చిలో రా."

ఫియొరెల్లా ఏడ్చుకుంటూ బయటికొచ్చింది. అంతటి పిల్లకే లోతు లేకపోతే తనకెక్కడిదనుకుంటూ లౌతారో లోపలికి నడిచాడు.

సంచిలో చెయ్యి పెట్టాడు. తుకుమాన్ ఊళ్లో డిసెంబరంటే నడివేసవి, ఆ ఎండకు గోళీలన్నీ వెచ్చగా ఉన్నాయి. ఇటు తడిమాడు, అటు తడిమాడు. మామయ్య ఏప్రన్ కళ్లముందు ఊగింది. చివరికి అడుగున ఒకటి చల్లగా తగిలింది. గుప్పిట బిగించి బయటికి తీశాడు.

ఏడు.

వాడు నోరు తెరిచి నాలుగు ముక్కలు చెప్పాడో లేదో, బస్తియానీ గారు ఉత్సాహం పట్టలేక తానే లేచి సుద్ద అందుకున్నారు. వాడొక వాక్యం, ఆయన పది వాక్యాలు. పరీక్ష ఎవరిదో కాసేపు తెలియలేదు.

"లోతంటే ఇదీ," అన్నారు చేతులు దులుపుకుంటూ. నాలుగు మార్కులొస్తే గట్టెక్కే చోట ఎనిమిది వేశారు.

లౌతారో పరుగున వెళ్లి ఒలెగారియోని కావలించుకున్నాడు.

"మీ మేలు మర్చిపోలేను డాన్ ఒలెగారియో. నాకోసం అంత సాహసం చేశారు."

ఒలెగారియో చివరి ఎంపనాదా నమిలి మింగి, చేతులు తుడుచుకున్నాడు.

"నాదేముందబ్బాయ్, గోళీ ఫ్రిజ్‌లో పెట్టిందీ, మీ చెవిన వెయ్యమని నాకు చెప్పిందీ బస్తియానీ గారే, పాపం ఆయనకూ వచ్చింది ఆ ఒక్క పాఠమే."