ముంగటికి రెండు టైర్లు

మైసయ్య బండి టైర్లు యాదగిరిగుట్టకు పోయి గుండు కొట్టించుకొని వచ్చినయని యాదలక్ష్మి అన్నదట. నల్లా కాడ ఆండాళుతో అన్నదట. ఆండాళు పాలకేంద్రంలో అన్నది. పాలకేంద్రంలో పడ్డాక ఆ మాట అననివాళ్లు ఊళ్లో మిగల్లేదు. బండి చెరువు కట్ట ఎక్కుతుంటే యాదలక్ష్మి కండ్లు గట్టిగా మూసుకొని నరసింహస్వామికి మొక్కుకుంటుందని కూడా చెప్పుకున్నారు.

"మొక్కితే మొక్కనియ్. టైర్ల గాలన్న ఆగుతది," అన్నాడు మైసయ్య.

అన్నాడే గాని, లోపల భయం పట్టుకుంది. పద్నాలుగేండ్ల పికప్పు బండి. మొన్న పంక్చరు వేయిస్తుంటే చూశాడు, రబ్బరు అరిగిపోయి లోపలి తీగలు బయటికి తొంగి చూస్తున్నాయి. కాలువ మలుపు దగ్గర టైరు పేలితే తన గతేమిటని తలుచుకొని రెండు పూటలు అన్నం సరిగా తినలేదు.

మూడోనాడు బండి ఆత్మకూరుకు తీశాడు. సలహాకు దామోదర్‌ను వెంటబెట్టుకున్నాడు. దామోదర్ ఇరవై ఏండ్లు బొంబాయి లారీ నడిపి మానేసిన మనిషి. టైరు మీద చేయి పెడితే దాని ఆయుష్షు చెప్పగలనని అతని నమ్మకం. పైసలు పెండ్లాం సైదమ్మ బొడ్లోని సంచిలో ఉన్నాయి కాబట్టి ఆమెను కూడా తీసుకుపోక తప్పలేదు. ముందు సీట్లో దామోదర్ కూర్చున్నాడు. సైదమ్మ వెనక చక్రం మీద కాలు పెట్టి, ఇనుప కడ్డీ పట్టుకొని ఒక్క ఊపున పైకెక్కింది.

టైర్ల కొట్టు జానీ బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు. "అన్నా, నాలుగూ పోయినయి."

"నాలుగింటికి తాకత్ లేదు. రెండేయ్."

"ఏ రెండు?"

అక్కడ పడింది పీటముడి.

"లోడు బండికి ఎనుకనే వేస్తరు," అన్నాడు జానీ.

దామోదర్ బీడీ పారేసి ముందుకొచ్చాడు. "ముంగటి టైరు పేలితే ఏమైతది?"

"స్టీరింగు గుంజుతది."

"గుంజితే?"

"కాలువల పడ్తది."

"పడితే?"

జానీ మైసయ్య దిక్కు చూశాడు.

"మైసయ్య పోతడు," అన్నాడు దామోదర్, బస్సు టైము చెప్పినంత మామూలుగా. "అదే ఎనుకది పేలిందనుకో. లోడు ఒక దిక్కు ఒరుగుతది. పడ్డయి పడ్డయి. మళ్ల ఎత్తేస్కుంటం. ముంగట పానం, ఎనుక లోడు. నువ్వే చెప్పు."

మైసయ్యకు ఆ మాట మనసున పట్టింది. తన పానం గురించి ఇంత ఇవరంగా ఆలోచించిన మనిషి ఇదివరకు ఎవరూ తగల్లేదు.

సైదమ్మ వెనక టైరు దగ్గర కూర్చొని వేలితో తడిమి చూస్తున్నది. "దీనికే ఎక్కువ తీగలెల్లినయి," అన్నది.

"టైర్ల సంగతి నీకేం ఎరుక?" అన్నాడు మైసయ్య.

"తీగలెల్లినా గాలి ఉన్నది గద వదినె," అని దామోదర్ సర్దిచెప్పాడు.

సైదమ్మ వేలికంటిన మసి కొంగుకు తుడుచుకుంది.

జానీకి ఇంకా తెగలేదు. "ఏం లోడు కొడ్తవన్నా?"

"ఇప్పుడు పత్తి సీజను గద," అన్నాడు మైసయ్య.

"ఎంతుంటది?"

"ఓ ఆరు క్వింటాళ్లు."

"పోయేటప్పుడు ఖాళీనే గద?"

"ఏడ ఖాళీ? పొద్దుగాల ఆరు, పొద్దుమీకి ఆరు."

జానీ నొసలు ముడేశాడు. "పొద్దుగాల పత్తి ఏడికి మోస్తవ్?"

"నువ్వు టైర్లమ్ముతవా, పంచనామా రాస్తవా?" అన్నాడు దామోదర్.

జానీ తగ్గాడు. "అది కాదన్నా. తాడేసి కడ్తరా అని."

"కట్టం. ఒకదానికొకటి ఒరుసుకొని ఉంటయి. జారయి," అన్నాడు మైసయ్య.

జానీ గ్యారంటీ కార్డు తీసి పెన్ను పట్టుకున్నాడు. "గూడ్సు బండేనా?"

"గూడ్సే."

"అయితే ఇంక ముంగటికే వేస్కో. పత్తి మెత్తటి లోడు, కింద పడ్డా పగిలేది లేదు."

జాకీ ఎత్తారు. బోల్టులు విప్పారు. కొత్త టైర్లు ఎక్కేసరికి బండి ముందు నుంచి చూస్తే పెండ్లికొడుకు, వెనక నుంచి చూస్తే పెండ్లికొడుకు తాత. మైసయ్య ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టాడు. వెనక చక్రాలకు కూడా పెడదామా అనుకొని, పాత వాటికెందుకులే అని మిగిలిన రెండు కాయలు జేబులో వేసుకున్నాడు. మొన్నటి నుంచి లేని ఆకలి ఇప్పుడు తెలిసింది.

సైదమ్మ సంచి విప్పి జానీకి పైసలిచ్చింది. దామోదర్ ముందు సీట్లోకి ఎక్కి తలుపేసుకున్నాడు. సైదమ్మ వెనక్కి నడిచి ఇనుప కడ్డీ పట్టుకుంది. ఎక్కలేదు. బోడి టైరును చూస్తూ అట్లాగే నిలబడింది.

మైసయ్య అద్దంలోంచి చూశాడు. "ఎక్కవేందే? పొద్దు పోతాంది."

జానీ చేతులు తుడుచుకుంటూ ఆమె దగ్గరికొచ్చాడు. "ఫికర్ చెయ్యకక్కా. ఎనుక రెండు వచ్చే ఏడు చూస్కోవచ్చు. ఏమన్నయినా ఎనుక ఉండేది లోడే గద?"

"గా లోడు పత్తి కాదు, పత్తి ఏరవోయే మేం పదమూడు మంది ఆడోళ్లం," అన్నది సైదమ్మ.