అన్నయ్య కట్టే ట్యాపు

ప్రింటింగ్ ప్రెస్సులో వరసగా రెండు షిఫ్టులు లాగించిన ఆపరేటరు, రెప్పలు వాలిపోతుంటే షెడ్డుకు తాళం వేసి మోటారు సైకిలెక్కాడు. అది గేటు దాకా వచ్చి మొరాయించింది. సెల్ఫ్ నొక్కితే ఇంజను గిర్రున తిరుగుతోందే గాని అంటుకోవడం లేదు.

గేటు దీపం కింద ప్లగ్గు ఊడదీసి చూశాడు. నిప్పురవ్వ నిక్షేపంగా వస్తోంది. ట్యాంకు ఊపితే పెట్రోలు గలగలమంది. ఇక మిగిలింది ట్యాంకు కింద ఉండే ట్యాపు. తడిమి చూస్తే కట్టేసి ఉంది.

అతను ఏనాడూ దాన్ని కట్టడు. కట్టేది మెకానిక్ అన్నయ్య. తమ్ముడు నిద్రమొహంతో బండెక్కబోతే చడీచప్పుడు లేకుండా ట్యాపు తిప్పేసి, వాడికి ముచ్చెమటలు పట్టేదాకా నవ్వుతూ చూసేవాడు. "ముందు పడుకోరా కుంభకర్ణా! రోడ్డెక్కడికీ పారిపోదు" అనేవాడు.

ఈ బండి ఆ అన్నయ్యదే. ఆయన పోయి ఏడాది దాటింది.

తమ్ముడు ట్యాపు తిప్పి, బండెక్కి కూర్చున్నాడు. సెల్ఫ్ మీదికి వేలు వెళ్లేలోగా మోకాలి పక్కన టిక్కుమని చిన్న చప్పుడైంది. చెయ్యి కిందికి పోనిచ్చి చూశాడు. ట్యాపు మళ్లీ కట్టేసి ఉంది.

చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. అయినా ఎందుకో నవ్వొచ్చింది.

"సరే అన్నయ్యా, షెడ్డులోనే పడుకుంటాలే. తెల్లారాకే వెళ్తా" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

అతని వెనక సీటు స్ప్రింగులు, ఎవరో దిగినట్టు, కిర్రుమంటూ మెల్లగా పైకి లేచాయి.