ఒంటిచేతి నమస్కారం

రత్నకుమారి కూతురికి జడ వేస్తుంటే కుడిచేయి సగంలో ఆగి, దువ్వెన వదిలేసి, ఉత్త గాలిలోనే అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టింది.

ఆ మరచేతిని కరుణాలయం ట్రస్టు ఉచితంగా పెట్టించింది. ట్రస్టుకు అప్పడాల కంపెనీ కూడా ఉంది. ఆర్డరు వస్తే ఊళ్ళో అలాంటి చేతులన్నీ కంపెనీ మాటే వింటాయి.

"ఇవాళ బళ్ళో ఫొటో అమ్మా," అంటూనే అఖిల పీట తెచ్చి, పిండి ముద్ద ఆ చేతి కింద పెట్టింది. జడ ఊడిపోకుండా రత్నకుమారి ఎడమచేత్తో పట్టుకుంది.

అంతలో ట్రస్టు మేనేజరు శ్రీపాదరావు గుమ్మంలోకి వచ్చాడు.

"దాతలొస్తన్నారమ్మా, నీ చేయి చూట్టానికి."

"అయ్యా, జడ అయ్యేదాకా దీన్ని ఆపించండి."

"వ్యాపారం కంపెనీది. మాది సేవ. వాళ్ళనడుగు."

"అడిగానండీ. చేయి ట్రస్టుదంట, మిమ్మల్నే అడగమన్నారు."

"వద్దంటే తీయించేస్తాం. నీ ఇష్టం."

ఆమె ఎడమచేత్తో జడను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

దాతలు లోపలికి రాగానే కుడిచేయి అప్పడం వదిలి, దానంతటదే గుండె దాకా లేచి ఆగింది. ఇంటికొచ్చినవాళ్ళకు ఒంటిచేత్తో నమస్కారం పెడితే అవమానించినట్టే. రత్నకుమారి జడ వదిలేసి, తన సొంత చేతిని తీసుకెళ్ళి దాని పక్కన చేర్చింది.