పై పేట, కింది పేట

"తప్పు దొరికింది అక్కా!" అన్నాడు జూనియర్. దొరికిందన్న సంతోషం గొంతులో లేదు.

వరద హెచ్చరికల ఆఫీసులో ఆ గదిలో పనిచేసేది ఇద్దరే. ఫోర్ట్రాన్ భాషలో కంప్యూటర్ ప్రోగ్రాం రాసింది జూనియర్. మొన్న వరద రాబోయే సాయంత్రం దాన్ని నడిపింది సీనియర్. ఏటి ఒడ్డున రెండు పేటలు, జనాన్ని తరలించడానికి ఉన్న లారీలేమో ఒక్క పేటకే చాలతాయి. ఎక్కడికి పంపాలో ప్రోగ్రామే చెప్పాలి. పై పేట అంది. ఏరు కింది పేటను ముంచింది. ఇద్దరు పోయారు.

"నా సబ్‌రొటీన్‌కి ఇవ్వాల్సినవి రెండు ఆర్గ్యుమెంట్లు, అంటే రెండు అంకెలు. ముందు కింది పేట నీటిమట్టం, తర్వాత పై పేటది. దాన్ని పిలిచే కాల్ లైనులో అటుదిటు, ఇటుదటు అయ్యాయి."

"ఊఁ."

"రెంటినీ ఒకే రకంగా, రియల్ అనే డిక్లేర్ చేశాను కదా, తప్పులు పట్టాల్సిన కంపైలర్ నోరెత్తలేదు. ప్రోగ్రాం ముందు ఏది ఇస్తే అదే కింది పేట అనుకుంది. పేరు రాసి మరీ ఇవ్వాలని నేను పట్టుబట్టి ఉంటే ఈ ఘోరం జరిగేదా!"

సీనియర్ తెరకేసి చూస్తూ కూర్చుంది. రెండు రోజులుగా ఆమెకు ఆకలీ లేదు, ఏడుపూ లేదు. మనిషి మొద్దుబారిపోయింది.

"ఆ లైను రాసింది నేను," అందామె.

"మీరు మాత్రం ఏం చేస్తారక్కా? అందరూ నెత్తినెక్కి తొక్కుతున్నారు. పైగా నా మొహం చూసి జాలిపడి, వెళ్లి టీ తాగి రమ్మన్నారు. ఒక్కరే కూర్చున్నారు. ఆ హడావుడిలో చెయ్యి తడబడదూ?"

"తమ్ముడూ..."

"రిటైరయ్యే ముందు మీకెందుకీ మచ్చ? నాదే తప్పని చెప్పేస్తా. నాకు ఇంకో ఉద్యోగం దొరక్కపోదు."

ఉత్త బింకం. ఇంట్లో భార్యకు నెలలు నిండాయి. రెండు ప్రాణాలు తీశాడన్న పేరు పడ్డాక ఏ ఆఫీసు గడప తొక్కనిస్తుంది?

అటెండరు తలుపు తీసి, "పెద్దసారు పిలుస్తున్నారు. ఎవరొస్తారు?" అన్నాడు.

"నేనే," అంటూ జూనియర్ లేచాడు.

ఆపుదామని సీనియర్ కూడా లేచింది. ఒక్క అడుగు వేసి ఆగింది. తలుపు మూసుకుంది. మళ్లీ కుర్చీలో కూలబడింది.

ఫోన్ మోగింది. కూతురు.

"అమ్మా, ఇంటికొచ్చేశాం. చుక్క నీరు రాలేదు ఇంట్లోకి. పాప ఇప్పుడే పడుకుంది."

"మంచిదమ్మా."

"ఒకటి అడగనా? ఆ రోజు మధ్యాహ్నమే ఫోన్ చేసి బట్టలు సర్దుకోమన్నావు."

సీనియర్ మూసిన తలుపు కేసి చూసింది.

"లారీలు మా పై పేటకే వస్తాయని అప్పుడే ఎలా తెలుసమ్మా?"