చీపురు పుల్ల కొలత

"సరిపోవు," అన్నాడు నోవహు, డబ్బా మూత తియ్యకుండానే. "నీ బండికి షాపువోడిచ్చే బ్రేక్ షూలేవీ సరిపోవు."

"ఇవి సరిపోతాయి మేస్త్రీ. బిగించి సూడు," అన్నాడు గణపతిరావు.

గణపతిరావు దేవరాపల్లి నుంచి అనకాపల్లి మార్కెట్‌కి బెల్లం తోలతాడు. అతని పికప్ పాత యజమాని చేతిలో ఉన్నప్పుడే వెనక యాక్సిల్ విరిగింది. ఆ యజమాని వేరే బండి యాక్సిల్ తెచ్చి వేయించాడు. ఆర్సీలో ఉన్నది ఒక మోడల్, వెనక చక్రాల మధ్య ఉన్నది మరొకటి. ఆర్సీ చూసి కొన్న షూలు చక్రం లోపలి బ్రేకు డ్రమ్ములో కూర్చోవు. ఇలాంటి బళ్లకి ఏ యాక్సిల్ వేశారో చూసి చెప్పడం చోడవరంలో నోవహు ఒక్కడికే చేతనవునని పేరు.

నోవహు డ్రమ్ము ఊడదీశాడు. షూలు పెట్టాడు. కూర్చున్నాయి. తీసి మళ్లీ పెట్టాడు. అప్పుడూ కూర్చున్నాయి.

"ఏ యాక్సిలో ఎవడు సెప్పేడు?"

"వాట్సాప్‌లో 'బ్రేకు సలహా' అని ఒకాయనున్నాడు. మా స్టాండ్‌లో అందరి ఫోన్లోనూ ఆ నంబరుంది. యాక్సిల్ మధ్యలో మూతకి బోల్టులెన్నో లెక్కెట్టమన్నాడు. సక్రం ఒక సుట్టు తిప్పితే ఇంజన్ కాడ్నుంచొచ్చే షాఫ్టు ఎన్ని సుట్లు తిరుగుతోందో సూడమన్నాడు. డ్రమ్ము లోపలికి సీపురు పుల్ల పెట్టి, సరిగ్గా పట్టినకాడికి తుంచమన్నాడు."

నోవహు చేతిలో స్పానర్ ఆగింది. కొలత టేపు డ్రమ్ములో వంగి తప్పు చూపిస్తుంది. కొబ్బరి చీపురు పుల్ల చూపించదు. ఆ పద్ధతి నోవహు సొంతం.

"ఎవడాడు?"

"తెలీదు. ఫోన్ సేస్తే ఎత్తడు. మెసేజ్ పెడితే జవాబిస్తాడు. ఏటి మర్యాద మేస్త్రీ! అడిగిందే మళ్లీ అడిగినా నీలాగ తిట్టడు." గణపతిరావు నవ్వాడు. "ఆకర్న ఇంకో మాట కూడా రాసేడు. బిగింపు మాత్రం నోవహు మేస్త్రి దగ్గరే సేయించండి అని."

"అంటే ఆలోచన ఆడిది, కూలిపని నాది!"

నెల రోజులుగా ఇదే వరస. షెడ్డు ముందు బళ్లు పెరిగాయి. డ్రైవర్లు సామాన్లతోనే వస్తున్నారు. ఇదివరకు వాళ్లు బల్ల మీద కూర్చుని, నోవహు బండి కిందనుంచి బయటికొచ్చి యాక్సిల్ పేరు చెప్పేదాకా ఎదురుచూసేవాళ్లు. ఇప్పుడు బల్ల మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు.

భార్య మేరీ టీ తెచ్చింది. "ఈ బండికి మూత బోల్టులెన్నండీ?"

"అదే నాకు మిగల్లేదు. ఎవడో ముందే లెక్కెట్టించేసేడు."

"పోనిద్దురూ. మీ దగ్గరికే కదా పంపిస్తన్నాడు. మంచి మాటే రాసేడు కదా."

"ముక్కూ మొహం తెలీనోణ్ణి ఎనకేసుకొస్తన్నావేటే?"

మేరీ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. షెడ్డుకీ వంటింటికీ మధ్య రేకు గోడ ఒక్కటే అడ్డం. కూతురు ఎవాంజలిన్ కొత్త ఫోన్ కొనుక్కుని పాతది తల్లికిచ్చింది. మేరీ వంట చేస్తున్నంతసేపూ దాంట్లో చర్చి పాటలు పెట్టుకుంటుంది. కంప్రెసర్ తిరుగుతుంటే అవి షెడ్డులోకి వినపడవు.

నోవహు అనుమానం సన్నీ మీద. తన దగ్గర పనిచేసి, గోవాడలో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. కాని కొలత తీసే ముందు నోవహు ప్రతిసారీ సన్నీని టీకి పంపేవాడు. పనివాళ్లెవరికీ ఆ గుట్టు చెప్పలేదు. అన్నం దగ్గర మేరీ అడిగితే చెప్పుకోవడమే. ఆమె మళ్లీ మళ్లీ అడిగేది. వినేవాళ్లుంటే అతనికీ ముద్ద దిగేది.

"నీ ఫోనియ్యి గణపతీ. కాదు, నువ్వే కొట్టు," అన్నాడు కంప్రెసర్ చప్పుడు మీద గొంతు పెంచి. "మూతకి బోల్టులు పది. షాఫ్టు నాలుగు సుట్లు. డ్రమ్ము తొమ్మిదంగుళాలు. ఏ యాక్సిల్ అని అడుగు."

"ఇది ఏ బండిది?"

"ఏ బండిదీ కాదు. అలాంటి యాక్సిల్ లోకంలో లేదు. ఏదో ఒక పేరు సెప్తాడు. ఆ జవాబు స్టాండ్‌లో అందరికీ సూపించు. ఆడి పని సరి."

గణపతిరావుకి ఇష్టం లేదు. అయినా కొట్టాడు. జవాబు ఎంతకీ రాలేదు.

"బుర్ర గోక్కుంటన్నాడు," అన్నాడు నోవహు. అంత హాయిగా అతను కూర్చుని చాలా రోజులైంది.

ఫోన్ టింగుమంది. గణపతిరావు పైకి చదివాడు. "'అలాంటి యాక్సిల్ లేదండి. పుల్ల డ్రమ్ము అంచు మీద పెట్టి ఉంటారు. లోపలికి పెట్టి మళ్లీ కొలవండి. అప్పుడూ తేడా వస్తే నోవహు గారిని అడగండి. ఆయనకి తెలిసినంత నాకు తెలీదు.'"

"ఎటకారం!" నోవహు లేచాడు. "నా ఇద్య నాకే సెప్పి, పైన దండవొకటి! ఇలా ఇయ్యి ఫోను."

"ఎత్తడు మేస్త్రీ."

"ఎత్తేదాకా సేస్తాను. నా దగ్గర ఎప్పుడు దొంగిలించేడో ఆడి నోటితోనే సెప్పిస్తాను."

కరెంటు పోయింది. కంప్రెసర్ ఆగింది. రేకు గోడ అవతల పాట వినపడింది. నోవహు 'బ్రేకు సలహా' నంబరు నొక్కి ఫోన్ చెవికి ఆనించాడు.

వంటింట్లో పాట ఆగి, ఫోన్ మోగింది.