చప్పుడు చెయ్యని బండి

"జాకీ పెట్టి ఎత్తి, చక్రాలు ఒకసారి తిప్పి చూద్దామా మామయ్యా?" అని అల్లుడు అడిగాడు. అడగరాని మాట అడిగినట్టయింది.

"జాకీలు చెవుల్లేనివాళ్ళకి బాబూ," అన్నాడు మామగారు చురుగ్గా. "నాకు రోడ్డు మీద రెండు మలుపులు చాలు."

పాత కార్లు అమ్మే ఆ షెడ్డు యజమాని అయిష్టంగానే తాళాలు అందించాడు. నడుస్తున్న బండిని వినే, ఏ బోల్టు వదులైందో, ఏ బేరింగు అరిగిందో చెప్పేస్తాడని అందరూ ఆయన్ని పాముచెవులాయన అంటారు. కొనేవాళ్ళు ఆయన్ని వెంటబెట్టుకొస్తే అమ్మేవాళ్ళకి ఆ పూట అన్నం సహించదు. ఇవాళ కొనేది ఆయన సొంత కూతురు.

అసలు సంగతి వేరే ఉంది. కొన్నాళ్ళుగా ఆ పాముచెవులు పనిచెయ్యడం లేదు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి పోల్చుకుంటాడు. వెనక నుంచి పిలిచారా, అంతే సంగతులు. ఇంట్లోవాళ్ళు పరధ్యానం అనుకుంటున్నారు, ఆయనా అనుకోనిస్తున్నాడు. ఈ ముక్క బయటపడితే ఆయన్ని పిలిచే నాథుడుండడు. పరువుకు పరువూ, తిండికి తిండీ పోతాయి. కూతురి బండి ఒక్కటీ చూసిపెట్టి, ఆ తర్వాత చూపు ఆనడం లేదని వంక చెప్పి మానేద్దామనుకున్నాడు. చెవి పోయిందని చెప్పుకోవడం మాత్రం ఆ మనిషికి చచ్చినా చేతకాదు.

ముందు కళ్ళకీ చేతులకీ అందేదంతా చూశాడు. వెనక సీటు కింద బ్యాటరీకి గాలి పోయే జాలీ ఊడదీసి, దుమ్ము పేరుకుందేమోనని వేలు పెట్టి చూశాడు. ఇంజనాయిల్ వాసన చూశాడు. డిక్కీలో పరిచిన చాప ఎత్తి, తడి తగులుతుందేమోనని తడిమాడు. ఎక్కడా వంక దొరకలేదు.

"నువ్వు రా, పాపని వాళ్ళ నాన్న చూసుకుంటాడు," అని కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ముచ్చటపడి కాదు. కూతురికి అచ్చం ఆయన చెవులే వచ్చాయి. చిన్నప్పటి నుంచీ ఏ చప్పుడు తేడాగా వినపడినా ఆమె ముక్కు ముడుచుకుంటుంది. ఇవాళ ఆయనకు చెవి ఆ ముక్కే.

బండి కదిలింది. హైబ్రిడ్ కదా, నెమ్మదిగా పోయినంతసేపూ కరెంటు మీదే పోతుంది, ఇంజను ఊసే ఉండదు.

కూతురు ఆశ్చర్యంగా తండ్రి వైపు తిరిగింది. "స్టార్టయిందా నాన్నా? ఏమీ వినపడదేం?"

"అదే దీని గొప్ప," అన్నాడు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఈ బండి ఎక్కినవాళ్ళంతా తన జట్టే.

పెద్ద రోడ్డెక్కి వేగం పెంచాడు. స్టీరింగు అరచేతుల్లో కుదురుగా ఉంది. బ్రేకు కాలి కింద మెత్తగా దిగింది. సరిగ్గా అప్పుడు కూతురి ముక్కు ముడుచుకుంది. ఆయన గుండె జారింది. కానీ పక్క నుంచి ఒక లారీ దాటిపోతోంది. కూతురు ఆయన ముఖంలోకి ఒకసారి చూసింది. ఆయన ఏమీ ఎరగనట్టు బింకంగా నడుపుతున్నాడు. ఆమె ముక్కు సర్దుకుంది.

లారీ చప్పుడే అయ్యుంటుంది అనుకున్నాడు. అయినా మనసు పీకుతూనే ఉంది. బండి పక్కకి ఆపి, ఆమె ముఖం కనపడేలా తిరిగి, పరీక్ష పెట్టే మాస్టారిలా అడిగాడు.

"ఏదీ, నీకేం వినపడిందో చెప్పు చూద్దాం."

"భలేవాడివే నాన్నా! నీకు వినపడనిది నాకు వినపడుతుందా?" అంది కూతురు నవ్వుతూ.

ఆయన మనసు కుదుటపడింది. కుదుటపడాలనే ఉంది కాబట్టి ఇంక తవ్వలేదు.

షెడ్డులోకి తిరిగి రాగానే, "తీసుకోవచ్చు," అన్నాడు.

యజమాని నోరు తెరిచాడు. "తీసుకోవచ్చా? నిజంగానే అంటున్నారా అండీ?"

"ఏం, నా నోట సరే అన్న మాట రాకూడదా?"

అందరూ నవ్వారు. యజమాని మాత్రం కాస్త ఆలస్యంగా నవ్వి, సంతకాలకి కాగితాలు గబగబా ముందుకు జరిపాడు. తీసి పక్కన పెట్టుకున్న జాకీని అల్లుడు మళ్ళీ డిక్కీలో పెట్టేశాడు.

సంతకాలయ్యాక పాపని పట్టడం ఎవరివల్లా కాలేదు. కొండ మీదికి పోదామని ఒకటే గోల. అల్లుడు పాపని వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు కట్టాడు. "ఘాట్ రోడ్డు మీద ఒక చుట్టు చుట్టి వచ్చేస్తాం," అన్నాడు.

బండి చప్పుడు లేకుండా గేటు దాటింది. పాముచెవులాయన గేటు దాకా నడిచి చెయ్యి ఊపాడు. వెనక అద్దంలోంచి పాప రెండు చేతులూ ఊపింది. చివరి బండి, సొంతవాళ్ళ బండి, పరువు దక్కింది. ఆయనకు కళ్ళు చెమర్చాయి.

కాగితాలు సర్దుకోవడానికి ఆగిపోయిన కూతురు వచ్చి ఆయన వెనక నిలబడింది.

"అవును నాన్నా, వేగం పెంచినప్పుడల్లా వెనక ఎడమ చక్రం దగ్గర గరగరమంటోందే, అది ఇలాంటి బండ్లకి మామూలేనా? నువ్వేమీ అనకపోయేసరికి నేనూ ఊరుకున్నాను."

ఆయన వెనక్కి తిరగలేదు. దూరమవుతున్న బండికి నవ్వుతూ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.