లేన్ చదివినవాడు

“ఈ లేన్ మీద ఇంత నూనె ఎవరు పోసినారయ్యా?”

పెంచలకృష్ణ అరుపుకి బౌలింగ్ సెంటర్‌లో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. వంపు తిరగాల్సిన బంతి నేరుగా పోయి, లేన్ చివర నిలబెట్టిన పది పిన్నుల్లో మూడింటిని మాత్రం పడగొట్టింది. జిల్లా ఫైనలు ఇది. నెగ్గినవాడు రాష్ట్ర పోటీలకు వెళతాడు. వెళ్ళేది తనేనని కోవూరు సెంటర్లో పెంచలకృష్ణ నిన్ననే ఫ్లెక్సీ కట్టించేశాడు.

“చూడబ్బా, నూనె ఎక్కువుంటే బంతి జారిపోతాది, తిరగదు. అప్పుడు కుడికి జరగాల, నిదానంగా వెయ్యాల. లేన్‌ని చదవాల! క్రేను తిప్పడం కాదిది.”

ఆ పాఠం ఫైనల్లో తన ప్రత్యర్థి జీవానందానికి. ముత్తుకూరు దగ్గర పోర్టులో క్రేను నడుపుతాడు.

“నాకు ఎండిపోయినట్టే అనిపిస్తా ఉందన్నా. బంతి ముందే తిరిగిపోతా ఉండాది,” అంటూ జీవానందం కాస్త ఎడమకి జరిగి, గట్టిగా విసిరాడు. తొమ్మిది పడ్డాయి.

“గుడ్డి దెబ్బ!” పెంచలకృష్ణ పెదవి విరిచాడు. నూనె లేన్ మీద ఎడమకి జరిగే మొద్దుని ఇప్పుడే చూడటం. అద్దె బూట్లు, అద్దె బంతి! ఇలాంటివాడితో ఫైనలు ఆడటమే నామోషీ.

స్నేహితులు ఫోన్లలో వీడియో తీస్తున్నారు. పెంచలకృష్ణ నున్నగా దువ్విన జుట్టును ఎప్పటిలాగే రెండు అరచేతులతో వెనక్కి అదుముకుని, చెన్నై నుంచి తెప్పించుకున్న తన బంతిని అందుకున్నాడు. కుడికి జరిగి, మెల్లిగా వేశాడు. నాలుగు. జుట్టు సవరించుకుని ఇంకా కుడికి జరిగాడు. రెండు. చివరి బంతి వేళ్ళలోంచే జారి లేన్ పక్కనున్న కాలవలో పడింది.

జీవానందం నెగ్గాడు.

పెంచలకృష్ణ బంతిని చంకనపెట్టుకుని సరాసరి మేనేజరు అనూష బల్ల దగ్గరికి పోయాడు.

“ఇదా మేడం మీరు లేన్ చూసుకునే తీరు? వాడికి ఆట రాదు కాబట్టి తేడా తెలియలేదు. బంతి పట్టుకు చూడండి, జిడ్డోడతా ఉండాది! మ్యాచి మళ్ళీ పెట్టాల్సిందే.”

అనూష బంతిని గుడ్డతో తుడిచింది. గుడ్డ నిజంగానే జిడ్డయింది.

“లేన్‌కి నూనె పట్టించే మిషను చెడిపోయి వారమైంది సార్. అక్కడ చుక్క నూనె లేదు.”

“మరి ఇదెక్కడిది? ఆకాశంలోంచి ఊడిపడిందా?” పెంచలకృష్ణ వెటకారంగా నవ్వి జుట్టు వెనక్కి అదుముకున్నాడు.

అనూష గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుంది.

“కొబ్బరినూనె సార్. ముందు ఆ చేతులు తలమీంచి తియ్యండి.”